కారు మీద గీతలు, పెచ్చులు: మనమే సరిచేసుకోవాలా, పెయింటర్ దగ్గరికి పోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, భూపాలపల్లి వైపు తిరిగే కార్లకు ఎక్కువగా తగిలే దెబ్బలు నాలుగే రకాలు. ఇసుక లారీ, గ్రానైట్ లారీ వెనక పోతుంటే బానెట్ మీద పడే కంకర దెబ్బలు, సందుల్లో బైక్ హ్యాండిల్ గీతలు, ఊరి దారుల్లో తుమ్మకొమ్మల గీతలు, పార్కింగ్‌లో బంపర్ రాపిడి. ఈ ప్రశ్నలన్నీ వాటి చుట్టూ తిరిగేవే.

గీత పడింది. మొదట ఏం చూడాలి?

లోతు చూడాలి. పొడవు చూసి కంగారు పడొద్దు. మూరెడు గీత పైపైనే ఉంటే అరగంటలో పోతుంది. బియ్యపు గింజంత పెచ్చు రేకు దాకా లేస్తే మాత్రం ఒక్క వానాకాలంలోనే చిలుము పట్టి, చుట్టూ ఉన్న మంచి పెయింట్‌ను కూడా లేపుతుంది.

ఆ చోటు షాంపూ నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గీత మీద రెండు చుక్కల నీళ్లు వేయండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది లాకర్‌లోనే ఉంది. తడిసినా అలాగే కనిపిస్తే వేలిగోరును అడ్డంగా మెల్లగా జరపండి. గోరు తట్టుకోకుండా జారితే కాంపౌండ్‌తో, అంటే గీతల్ని రుద్ది తీసే పేస్టుతో, పోయే అవకాశం ఎక్కువ. తట్టుకుంటే లోపల ఏ రంగు ఉందో వెలుతురులో చూడండి. కారు రంగే లోపల కూడా ఉంటే కలర్ పొర దాకా తెగింది. బూడిద రంగో తెలుపో కనిపిస్తే ప్రైమర్ బయటపడింది. మెరిసే లోహం కనిపిస్తే రేకు, గోధుమ రంగు కనిపిస్తే చిలుము మొదలైనట్టు.

లాకర్, ప్రైమర్ అంటున్నారు. అసలు పెయింట్‌లో ఎన్ని పొరలుంటాయి?

రేకు మీద మొదట తుప్పును ఆపే ఈడీ కోట్, దానిపై ప్రైమర్, ఆపైన కలర్, అన్నిటికన్నా పైన రంగు లేని మెరుపు పొర. ఈ చివరిదాన్నే పెయింటర్లు లాకర్ అంటారు, కంపెనీవాళ్లు క్లియర్ కోట్ అంటారు. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, కొన్ని చిన్న కార్లలో ఇంకా తక్కువ. అందులో లాకర్ వాటా 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక మందం కూడా ఉండదు.

గీతను రుద్ది తీయడమంటే చుట్టూ ఉన్న లాకర్‌ను గీత అడుగు మట్టానికి దించడమే. గీతలోకి కొత్తగా ఏదీ వచ్చి చేరదు. తీసిన లాకర్ తిరిగి రాదు. ఎండను ఆపి రంగును కాపాడేది కూడా ఆ పొరే. అందుకే ఒకే చోట ఏడాదికి మూడుసార్లు రబ్బింగ్ చేయించిన కార్ల బానెట్లు నాలుగైదేళ్లకే పాలిపోయి, లాకర్ పొలుసులుగా లేస్తుంది. లోతైన గీత పూర్తిగా మాయం కావాలని పట్టుబట్టొద్దు. సగం తగ్గి, మూడడుగుల దూరం నుంచి కనిపించకపోతే అక్కడితో ఆపడమే మేలు.

ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, దేనికి బయటికి పోవాలి?

లాకర్‌లోని గీతలు, అవతలి కారు రంగు మన బంపర్‌కు అంటుకోవడం, తారు మరకలు, కందిగింజ లోపు పెచ్చులు, డోర్ అంచున లేచిన రంగు. ఇవి ఇంట్లో చేసుకోదగ్గవే. చేసుకోవాలి కూడా. ఎందుకంటే బానెట్ మీద పది కంకర దెబ్బలున్నాయని ప్యానెల్ మొత్తం కొట్టించుకుంటే, గట్టిగా ఓవెన్‌లో కాలిన కంపెనీ పెయింట్‌ను గీకించి దానికంటే తక్కువ రకం పెయింట్ వేయించుకున్నట్టే.

రేకు దాకా తెగిన పొడవు గీత, సొట్టతో కలిసిన గీత, అరచేతికి మించిన దెబ్బ, ముత్యపు తెలుపు లాంటి మూడు పొరల (కలర్, ముత్యపు మెరుపు, లాకర్) రంగులు, సిల్వర్ కారుకు డోర్ మధ్యలో కనిపించే దెబ్బ. వీటికి పెయింటరే కావాలి.

కాంపౌండ్ చేత్తో ఎలా రుద్దాలి?

నీడలో, చల్లబడిన రేకు మీద రుద్దాలి. రేకుకు అరచేయి ఆనించి పది లెక్కపెట్టండి. మధ్యలోనే చెయ్యి తీసేయాలనిపిస్తే ఇంకా వేడిగా ఉన్నట్టే. వేడి మీద కాంపౌండ్ నిమిషంలో ఎండిపోయి పొడిగా రాపిడి చేస్తుంది, కొత్త గీతలు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఉదయం ఎనిమిది దాటితే ఎండలో నిలిపిన కారు మీద ఈ పని పెట్టుకోవద్దు.

ముందు కడగండి. దుమ్ము ఒక్క రేణువు మిగిలినా అది బట్ట కింద ఎమరీ కాగితంలా పనిచేస్తుంది. దగ్గర్లో డోర్ అంచు, బానెట్ మడత గీత ఉంటే వాటి మీద మాస్కింగ్ టేపు అంటించండి. అంచుల దగ్గర పెయింట్ సహజంగానే పలుచన, పది రుద్దులకే కలర్ బయటపడుతుంది. మైక్రోఫైబర్ బట్టను నాలుగు మడతలు పెట్టి రూపాయి బిళ్లంత కాంపౌండ్ తీసుకుని, చదరపు అడుగుకు మించని చోట గీతకు అడ్డంగా ఎనిమిది పది సార్లు ఓ మోస్తరు ఒత్తిడితో రుద్దండి. శుభ్రమైన మరో బట్టతో తుడిచి చూడండి. తగ్గుతుంటే ఇంకోసారి, మరీ అయితే మూడోసారి. మూడుసార్లకూ పోకపోతే అది కాంపౌండ్‌తో పోయే గీత కాదు. చివర్లో పాలిష్, ఆపైన వ్యాక్స్.

బట్టకు కారు రంగు అంటుతుంటే వెంటనే ఆపండి. కారుకు లాకర్ లేని ఒకే పొర రంగు ఉండి ఉండాలి, లేదంటే మీరు లాకర్ దాటిపోయారు. పాత తెలుపు, ఎరుపు కార్లలో మొదటిది మామూలే. లాకర్ ఉన్న కారు అయితే ఇక పెయింటర్ పనే.

గ్రైండర్‌కు స్పాంజి తగిలించి రుద్దడం ఇంట్లో పెట్టుకోవద్దు. గుండ్రంగా ఒకే చోట తిరిగే మిషన్ ఆగినచోటే వేడెక్కిస్తుంది, రెండు మూడు సెకన్లలో లాకర్ కాలిపోతుంది. మిషన్ కావాలంటే తిరుగుతూ ఊగే డ్యుయల్ యాక్షన్ రకమే తీసుకోండి.

టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40 పనిచేస్తాయా?

టూత్‌పేస్ట్‌లో సన్నని రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపై మసక గీతల్ని కొంత తగ్గిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. నూనె, డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే గీతను నింపి కనిపించకుండా చేస్తాయి. రెండు కడుగుళ్లకు గీత మళ్లీ బయటపడుతుంది. ఈలోపు ఆ జిడ్డు మీద టచప్ వేస్తే రంగు పట్టదు. తారు మరకలకు మాత్రం కిరోసిన్ పనికొస్తుంది. బట్టను తడిపి మరక మీద నిమిషం ఉంచి తుడిచి, వెంటనే షాంపూతో కడిగేయాలి.

కంకర తగిలి పెచ్చు లేచింది. టచప్ సరిగ్గా ఎలా వేయాలి?

ఇంట్లో చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే, అందరూ తొందరపడి చెడగొట్టేదీ ఇదే. కావలసినవి: కలర్ కోడ్ ప్రకారం కలిపిన టచప్ సీసా, లాకర్ సీసా, రేకు కనిపిస్తుంటే కొద్దిగా ప్రైమర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 400, 2000, 2500 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఎమరీ కాగితం) ఒక్కొక్కటి, నాలుగు అగ్గిపుల్లలు లేదా టూత్‌పిక్కులు.

సీసా మూతకుండే బ్రష్‌ను పక్కన పెట్టండి. పెచ్చు రెండు మిల్లీమీటర్లు ఉంటే ఆ బ్రష్ నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. దానితో వేస్తే రంగు పెచ్చు చుట్టూ ఉన్న మంచి పెయింట్ మీదికి ఎక్కి బొట్టులా నిలుస్తుంది. దూరం నుంచి కూడా కనిపించేది ఆ బొట్టే.

మొదట పెచ్చు అంచుల్ని పుల్ల కొనతో మెల్లగా గీరి, ఊగుతున్న రంగు ఉంటే ఊడదీయండి. అది అలాగే ఉంటే పైన వేసిన టచప్‌తో కలిసి నెలలో లేచిపోతుంది. లోపల చిలుము చుక్క ఉంటే పెన్సిల్ వెనక రబ్బరుకు 400 పేపర్ చిన్న ముక్క అంటించి, గుంటలోనే తిప్పుతూ లోహం మెరిసేదాకా తీయండి. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. ఇక ఆ చోటు వేలితో ముట్టుకోవద్దు.

రేకు కనిపిస్తుంటే ప్రైమర్ ఒక పలుచని చుక్క వేసి గంట ఆగండి. ఆపైన కలర్ సీసాను రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. మెటాలిక్ రంగైతే పొడి అడుగుకు దిగి ఉంటుంది, ఇంకో నిమిషం ఊపాలి. పుల్ల కొనకు చిన్న చుక్క తీసుకుని గుంట మధ్యలో ఆనించండి. పూయొద్దు, ఆనించాలి. చుక్క తనంతట తానే అంచుల దాకా పాకి ఆగుతుంది. దగ్గరగా చూస్తే చుక్క అంచు గుంట గోడను తాకగానే పైకి కొంచెం ఎక్కి సర్దుకోవడం కనిపిస్తుంది. అక్కడితో ఆపేయాలి. ఇంకో చుక్క వేద్దామన్న ఆశే పని చెడగొడుతుంది.

థిన్నర్ ఆవిరవుతుంటే చుక్క కుంగుతుంది. గంట తర్వాత చూస్తే మళ్లీ గుంటే కనిపిస్తుంది. అది తప్పు కాదు, అలాగే జరగాలి. అందుకే రెండు మూడు విడతలుగా, మధ్యలో గంట చొప్పున ఆగి వేయాలి. కలర్ చుట్టూ ఉన్న మట్టానికి ఒక పిసరు కిందికే ఆగిపోవాలి, ఆ మిగిలిన చోటు లాకర్‌ది. కలర్ ఆరాక లాకర్ రెండు చుక్కలు గంట తేడాతో వేయండి. ఇది మట్టం కంటే వెంట్రుకవాసి పైకి ఉన్నా పర్వాలేదు.

ఆ తర్వాత కనీసం వారం ముట్టుకోవద్దు. పైన గట్టిపడినట్టున్నా అడుగున ఇంకా మెత్తగానే ఉంటుంది, ముందే రుద్దితే చుక్క మొత్తం ఊడి వస్తుంది. వారం తర్వాత, పైకి ఉబ్బిన భాగం కంటికి ఆనుతుంటేనే, 2000 పేపర్ చిన్న ముక్కను గట్టి రబ్బరుకు చుట్టి సబ్బు నీళ్లతో తడిపి ఉబ్బు మీద మాత్రమే పది పన్నెండు సార్లు రుద్దండి. తర్వాత 2500తో అంతే. మసకబారిన చోటును కాంపౌండ్‌తో మెరిపించండి. చేయి తిరగనివాళ్లు ఈ చివరి మెట్టు వదిలేసినా నష్టం లేదు. చిలుము ఆగింది, అసలు పని అయిపోయినట్టే.

కలర్ కోడ్ ఎక్కడ చూడాలి?

చాలా కార్లలో డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీద ఉండే స్టిక్కర్ మీదో, ఇంజిన్ గదిలో ఉండే ప్లేటు మీదో ఉంటుంది. మామూలుగా కొన్ని అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. రంగు పేరు చెప్పి కొనొద్దు. 'వైట్' అన్న పేరుతో ఒకే కంపెనీకి మూడు నాలుగు తెలుపులుంటాయి. కంప్యూటర్ మిక్సింగ్ షాపులో కోడ్ చెప్పి, వీలైతే పెట్రోల్ మూత తీసుకెళ్లి పక్కన పెట్టి చూపించమనండి. ఆరేళ్లు ఎండలో నిలిచిన కారు రంగు కోడ్‌లోని రంగు కంటే ఒక ఛాయ పాలిపోయి ఉంటుంది.

కోడ్ సరిగ్గానే ఉంది, అయినా సిల్వర్ మీద టచప్ నల్లగా మచ్చలా కనిపిస్తోంది. ఎందుకు?

మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది. స్ప్రే గన్నుతో కొట్టినప్పుడు ఆ రేకులు ఎక్కువగా పడుకుని అద్దాల్లా వెలుగును తిప్పి పంపుతాయి. పుల్లతో చుక్క పెట్టినప్పుడు అడ్డదిడ్డంగా నిలబడతాయి, అందుకే ముదురుగా కనిపిస్తుంది. కోడ్ తప్పు కాదు, మీ చేతి తప్పూ కాదు. సిల్వర్, లేత బూడిద రంగులకు బానెట్ ముందు అంచు, చక్రాల దగ్గర టచప్ వేసి వదిలేయండి. డోర్ మధ్యలో పెద్ద దెబ్బైతే గన్ను పనే. సాదా తెలుపు, సాదా ఎరుపు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు.

ప్రైమర్ రాసి వదిలేస్తే చాలదా? రంగు తీరికగా వేయించుకోవచ్చు కదా?

వద్దు. బూడిద రంగు ప్రైమర్ పట్టీలతో నెలల తరబడి తిరిగే కార్లు మన రోడ్ల మీద బాగానే కనిపిస్తాయి. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, థిన్నర్ ఆవిరై ఆరే చవక రకం) ప్రైమర్‌కు సన్నని రంధ్రాలుంటాయి, నీళ్లు పీలుస్తుంది. జూలైలో రాసి వదిలేస్తే దసరా నాటికి దాని కిందే చిలుము పాకుతుంది. ప్రైమర్ వేసిన రోజో మర్నాడో కలర్, లాకర్ పడాలి.

స్ప్రే డబ్బాతో డోర్ మొత్తం మనమే కొట్టుకోవచ్చా?

అద్దం కవర్, బంపర్ కింది అంచు, వైపర్ పట్టీ లాంటి చిన్న ముక్కల వరకు అయితే కొట్టుకోవచ్చు. డోర్, బానెట్ వద్దు. పక్క ప్యానెల్‌తో రంగు కలవదు, తేడా మొత్తం పొడవునా కనిపిస్తుంది.

చిన్న ముక్కకైనా వాతావరణం చూసుకోవాలి. 40 డిగ్రీల ఎండాకాలంలో రంగు తుంపర గాల్లోనే సగం ఆరి పొడిలా పడుతుంది, ఉపరితలం గరుకుగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో కొడితే పాలు పోసినట్టు తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ దాని మీద చేరుతుంది. మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచు వీడాక తొమ్మిది నుంచి పన్నెండు మధ్య ఈ పనికి మంచి వేళ. పత్తి ఏరే రోజుల్లో ఊళ్లలో గాలిలో నూగు ఎక్కువ, మూడు వైపులా మూసిన చోటు చూసుకోండి. కింద నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

డబ్బాను జానెడు దూరంలో, 20 నుంచి 25 సెంటీమీటర్లలో పట్టుకోండి. ముక్క మొదలుకాక ముందే నొక్కి, దాటిన తర్వాత వదలండి. ఒక వరుస మీద ఇంకో వరుస సగం ఎక్కాలి. మొదటి కోటు కింద ప్రైమర్ కనిపించాలి. కనిపించకుండా ఒకేసారి ముంచితే కారుతుంది. పది నిమిషాల తేడాతో మూడు నాలుగు పలుచని కోట్లు.

మామూలు డబ్బా రంగులు వన్‌కే రకం, అంటే రంగును గట్టిపరిచే హార్డెనర్ ఉండదు. పెట్రోల్ పడితే మెత్తబడతాయి. అందుకే పెట్రోల్ మూత చుట్టుపక్కల వాటిని వాడొద్దు. హార్డెనర్ కలిసే టూకే డబ్బాలు గట్టిగా నిలుస్తాయి, కానీ వాటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిగా తగిలినా ఊపిరి ఆడదు. గుడ్డ మాస్కు, ఎన్95 దానికి చాలవు. ఇంటి పార్కింగ్‌లో, పిల్లలు తిరిగే చోట టూకే కొట్టొద్దని గట్టిగా చెబుతున్నాం.

బంపర్ గీసుకుపోయింది. దానికీ ఇదే పద్ధతా?

బంపర్ ప్లాస్టిక్, చిలుము పట్టదు. కాబట్టి తొందర లేదు. బంపర్ మీద కనిపించే తెల్లటి పట్టీల్లో సగం అవతలి గోడ సున్నమో, బండి రంగో అంటుకున్నవే. ముందు కాంపౌండ్‌తో రుద్ది చూడండి, చాలాసార్లు ఆశ్చర్యపోయేంత పోతుంది. థిన్నర్ మాత్రం ముట్టించొద్దు. ఆ బంపర్‌కు ఎప్పుడైనా బయట ఎన్‌సీ పెయింట్ పడి ఉంటే మొత్తం కరిగి బట్టకు వస్తుంది.

రంగు వేయించాల్సి వస్తే ప్లాస్టిక్ బయటపడిన చోట ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. అది లేకుండా వేసిన రంగు ప్రెషర్ వాష్‌కు అట్టలుగా లేస్తుంది.

సొట్ట ఉంది గానీ రంగు పగల్లేదు.

అయితే లప్పం పెట్టనివ్వకండి. పెయింట్ ముట్టకుండా వెనక నుంచి కడ్డీలతో ఒత్తి తీసే పనివాళ్లున్నారు, పీడీఆర్ అంటారు. గుండ్రని, నున్నని సొట్టలకు బాగా పనిచేస్తుంది. మడత పడ్డదానికి, డోర్ అంచున పడ్డదానికి కుదరకపోవచ్చు. వేడినీళ్లు పోసి లాగడం ప్లాస్టిక్ బంపర్‌కు సరే, రేకుకు కాదు.

పావురాల రెట్ట, బోరు నీళ్ల మచ్చలు పడ్డాయి. పెయింట్ పోయినట్టేనా?

రెట్ట ఎండలో గంటల్లోనే లాకర్‌ను తింటుంది. పొడిగా గీకకుండా తడిబట్ట పది నిమిషాలు కప్పి ఉంచి ఎత్తేయండి. అడుగున మసక మిగిలితే కాంపౌండ్, ముడతలు పడి ఉంటే అది లాకర్ దెబ్బ, వదిలేయడమే మేలు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఎండలో కడిగి ఆరనిస్తే తెల్లటి వలయాలు నిలిచిపోతాయి. కొత్తవైతే వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిచి వెంటనే కడిగితే పోతాయి.

ఇంకో మాట. మేడారం పోయొచ్చాక, మట్టి రోడ్ల మీద తిరిగొచ్చాక కారును పొడిబట్టతో తుడవొద్దు. కారు నిండా కనిపించే సాలెగూడు లాంటి సన్న గీతల్లో ఎక్కువ భాగం పొద్దున్నే పొడిబట్టతో తుడవడం వల్ల వచ్చినవే.

పెయింటర్‌తో ముందే ఏం మాట్లాడుకోవాలి?

ఆటోనగర్ షెడ్డయినా, కంపెనీ సర్వీస్ సెంటరయినా ఇవే అడగండి.

కలర్, లాకర్ టూకేనా, ఎన్‌సీయా? పీయూ అన్నా టూకే అన్నా ఇక్కడ ఒకటే అర్థం. ఎన్‌సీ చవక, త్వరగా ఆరుతుంది, రెండేళ్లకు మెరుపు పోతుంది. ఇద్దరు చెప్పిన రేట్లలో సగానికి సగం తేడా ఉంటే కారణం చాలాసార్లు ఇదే.

రంగు కోడ్‌తో కలుపుతారా, కంటిచూపుతోనా? ముందు చిన్న రేకు ముక్క మీద కొట్టి ఎండలో కారు పక్కన పెట్టి చూపిస్తారా? మెటాలిక్ అయితే తేడా తెలియకుండా రంగును పక్క ప్యానెల్‌లోకి షేడ్ చేస్తారా? లాకర్‌ను దెబ్బ ఉన్న చోటికే కొడతారా, ప్యానెల్ మొత్తానికా? మధ్యలో ఆపిన లాకర్ అంచు ఏడాదిలో గీతలా తేలుతుంది, మొత్తానికే కొట్టమనండి.

లప్పం ఎంత మందం? రేకును బాగా తీస్తే రెండు మూడు మిల్లీమీటర్లకు మించి అక్కర్లేదు. పాలిస్టర్ లప్పంలో హార్డెనర్ నూటికి రెండు పాళ్లు, అంటే 100 గ్రాములకు రెండు గ్రాములు. కలిపిన లప్పం మే నెల షెడ్డులో ఐదు నిమిషాల్లోపే గట్టిపడుతుంది. చలికాలంలో త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ కలిపితే, హార్డెనర్‌లో మిగిలిపోయిన పెరాక్సైడ్ రంగులోంచి పైకి వచ్చి కొన్నాళ్లకు పసుపు మచ్చలు పడతాయి. ఎన్‌సీ లప్పాన్ని మందంగా పెడితే నెలల తరబడి కుంగుతూ, కింద రుద్దిన గీతలన్నీ పైకి చూపిస్తుంది. అది పైపై పిన్ను రంధ్రాలకే.

హ్యాండిల్, బీడింగ్ ఊడదీసి కొడతారా, టేపు వేసి కొడతారా? ఊడదీసి కొట్టిన పని ఎక్కువ కాలం నిలుస్తుంది. దీనికి రెండు మూడొందలు ఎక్కువ అడిగినా ఇవ్వండి.

బూత్ (దుమ్ము రాకుండా మూసి, వేడి పెట్టే పెయింటింగ్ గది) లేకపోతే పని చెడినట్టేనా అంటే కాదు. బూత్‌లో 60 డిగ్రీల వేడికి అరగంటలో ఆరేది, బయట ఒక రోజు పడుతుంది. దుమ్ము గింజలు కొన్ని పడతాయి. మంచి పెయింటర్ వాటిని 2000 పేపర్‌తో తీసి పాలిష్ చేస్తాడు. ఆ తీరిక అతనికి ఇవ్వాలి. పొద్దున ఇచ్చి సాయంత్రం కావాలంటే పని అలాగే వస్తుంది.

కారు తీసుకునేటప్పుడు ఏం పరీక్షించాలి?

రాత్రి తీసుకోవద్దు. ఎండలో, ఏటవాలుగా, మూడు కోణాల నుంచి చూడండి. రంగు తేడా నీడలో తెలియదు. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ప్యానెల్ మీద వంకర్లు పోతుంటే లప్పం సరిగ్గా రుద్దలేదు. చిన్న చిన్న గుండ్రని గుంటలుంటే కొట్టేముందు జిడ్డు తుడవలేదు. టైర్ పాలిష్, సిలికాన్ స్ప్రేలు పక్కన వాడినా ఇవే వస్తాయి. రబ్బరు బీడింగ్ మీద రంగు తుంపర ఉంటే అక్కడే తీయించండి.

ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతాన్ని పలుచని బట్టలో పెట్టి ఆనించండి. మంచి రేకు మీద అంటుకున్నంత గట్టిగా అంటుకోకపోతే లోపల లప్పం మందంగా ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడూ ఇదే పరీక్ష. వన్‌కేనో టూకేనో తేల్చాలంటే రెండు రోజులాగి, కనిపించని మూలలో థిన్నర్ తడిపిన దూదిని తేలిగ్గా తాకించండి. రంగు దూదికి దిగితే అది టూకే కాదు.

ఒక్క డోర్ గీతకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ముందు లెక్క వేసుకోండి. పెయింటింగ్ బిల్లు 5,000 అనుకుందాం, జీఎస్టీ పక్కన పెడదాం. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు, అంటే మనమే భరించాల్సింది, రూ.1,000, ఆపైన రూ.2,000. జీరో డెప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కగట్టి అందులో సగం, అంటే రూ.625 కోస్తారు. చిన్న కారుకు చేతికొచ్చేది రూ.3,375.

పోయేది నో క్లెయిమ్ బోనస్. అది ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారు నష్టానికి కట్టే భాగంలో, తగ్గింపు ఇస్తుంది. ఆ ప్రీమియం 10,000 ఉండి మీరు 50 శాతంలో ఉంటే వచ్చే ఏడాదే రూ.5,000 పోయి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఈ బోనస్‌ను కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకుని ఉంటే వేరే సంగతి. రెండు మూడు ప్యానెళ్లు ఒకే ప్రమాదంలో పోయినప్పుడు క్లెయిమ్ చేయండి. వేర్వేరు రోజుల దెబ్బలు ఒక్క క్లెయిమ్‌లో కలవవు.

ఇంటి పనికి ఎంతవుతుంది?

టచప్, లాకర్ సీసాలు, కాంపౌండ్, పేపర్లు, మూడు మైక్రోఫైబర్ బట్టలు అన్నీ కలిపి సుమారు వెయ్యి నుంచి పదిహేను వందలు. అవి ఒక్క పెచ్చుకు కాదు, రెండేళ్ల పెచ్చులకు సరిపోతాయి. సీసా మూత గట్టిగా బిగించి తలకిందులుగా పెడితే గాలి చొరబడక ఎక్కువ కాలం ఆగుతుంది.

వేరే రంగు కొట్టించుకోవాలంటే?

ఆర్సీలో రంగు రాసి ఉంటుంది. కారు రంగే మార్చితే ఆర్టీఏలో నమోదు చేయించాలి. అదే రంగుతో టచప్‌కు ఏమీ అక్కర్లేదు.

కొత్తగా పెయింట్ పడిన ప్యానెల్‌ను ఎప్పుడు కడగొచ్చు?

మొదటి వారం ఉత్త నీళ్లే, ఒత్తిడి లేకుండా. షాంపూ వారం తర్వాత. ప్రెషర్ వాష్, వ్యాక్స్, కోటింగ్‌లు నెల దాటాకే, ఎందుకంటే అప్పటిదాకా లాకర్‌లోని థిన్నర్ బయటికి పోతూనే ఉంటుంది. కారు కవర్ కూడా ఆ నెల రోజులు కప్పొద్దు. మెత్తని లాకర్ మీద కవర్ నేత అచ్చు పడుతుంది. చెట్టు కింద కాకుండా రేకుల షెడ్డు నీడలో నిలపండి. ఈ నెలలో రెట్ట పడితే సాయంత్రం దాకా ఆగకుండా, చూసిన వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.